ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఓ పుచ్చకాయ సీన్

ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్లు మొదలయ్యాక హాస్టల్ వాతావరణమే మారిపోతుంది. ఆఫర్ వచ్చినవాడు పార్టీ ఇవ్వాలా వద్దా అని తటపటాయిస్తాడు. రానివాడు అందరూ తినేశాక మెస్‌కి వెళ్తాడు. మూడేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లకి ఏం మాట్లాడుకోవాలో తెలియదు. ఇలాంటి రోజుల్లో చూడాల్సిన జపాన్ సినిమా ఒకటుంది.

కాలేజీ సినిమా అనగానే మనకు 2007లో శేఖర్ కమ్ముల తీసిన ‘హ్యాపీడేస్’ గుర్తొస్తుంది. షుయిచి ఓకితా దర్శకత్వంలో 2013లో వచ్చిన ‘ఎ స్టోరీ ఆఫ్ యోనోసుకే’ అంతకంటే చాలా నెమ్మది. 1987లో నాగసాకి నుంచి టోక్యోలోని హోసేయ్ యూనివర్సిటీకి వచ్చిన కుర్రాడి మొదటి ఏడాది, అంతే కథ. యోనోసుకే టాపర్ కాదు, స్టార్టప్ పెట్టడు. సాంబా డ్యాన్స్ క్లబ్‌లో మాత్రం చేరిపోతాడు!

కాటో అని ఓ ఫ్రెండ్. అతని గదిలో ఏసీ ఉందని ఎండాకాలం మనవాడు అక్కడే తిష్ట వేస్తాడు. ఓ రాత్రి పార్కులో కాటో, తనకు ఇష్టం మగవాళ్లంటేనని చెప్పేస్తాడు. 1987లో ఆ మాట చెప్పాలంటే ఎంత ధైర్యం కావాలి! యోనోసుకే చేతిలో పుచ్చకాయ ముక్క ఉంటుంది. వింటూనే తింటుంటాడు. ఓదార్పు లేదు, లెక్చర్ లేదు. స్నేహంలో తేడా కూడా రాదు. నాకు సినిమా మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

ఇంకో ఫ్రెండ్ కురామోచి. గర్ల్‌ఫ్రెండ్ గర్భవతి కావడంతో చదువు మానేస్తాడు. ‘నీ కెరీర్ ఏంట్రా’ అని యోనోసుకే అడగడు. ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్తాడు.

మధ్యమధ్యలో కథ 16 ఏళ్లు ముందుకు దూకుతుంది. ఉద్యోగాలు, సంసారాల్లో పడ్డ ఆ స్నేహితులే అతన్ని తలచుకుని నవ్వుకుంటారు. ఎందుకు తలచుకుంటున్నారో సగం సినిమా దాటాక తెలుస్తుంది, అది నేను చెప్పను. మా టెక్ వాళ్లం ‘నెట్‌వర్కింగ్’ అనే మాట తెగ వాడతాం. లింక్డ్‌ఇన్‌లో వేల మంది కనెక్షన్లుంటారు. ఇలా తలచుకునేది అందులో ఎంతమందో లెక్కేస్తే నాకే నవ్వొచ్చింది.

నిడివి 2 గంటల 40 నిమిషాలు, సబ్‌టైటిల్స్ చదువుతూ చూడాలి. ఇంటర్వ్యూ ముందురోజు పెట్టుకోవద్దు. ఆఫర్ రాని రూమ్మేట్‌ని కూడా పిలవండి. సినిమా అయ్యాక రెజ్యూమె సంగతి ఎత్తకుండా, ఇద్దరూ వెళ్లి టీ తాగి రండి.