గడువు తీరకముందే తెగిన ఒప్పందం

మా కౌకూర్ పక్కన బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ బంగళా. వాళ్లు వెళ్లాక, 1947 నవంబర్ 29న నిజాం భారత్‌తో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. గడువు ఏడాది. ఇంకా రెండున్నర నెలలుండగానే, 1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చేసింది.

ముందు మాట తప్పిందెవరు? పాకిస్తాన్‌కు 20 కోట్ల అప్పిచ్చారని ఢిల్లీ, సరుకులు ఆపేశారని హైదరాబాద్. ఒకరు తీవ్రంగా ఉల్లంఘిస్తే రెండోవాళ్లు రద్దు చేసుకోవచ్చన్న రూల్ 1969 వియన్నా ఒప్పందం 60వ అధికరణలో ఉంది. కానీ ఉల్లంఘన అని తేల్చేదెవరు? మా ఆఫీసు కాంట్రాక్టులకైతే కోర్టుంది. ఇక్కడ భద్రతా మండలి సెప్టెంబర్ 16న కేసు చేపట్టింది. మర్నాడే నిజాం చేతులెత్తేశాడు. తర్వాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఆయనే టెలిగ్రాం కొట్టాడు.