కరెంటు పోతే సముద్రపు చేపకేమవుతుంది?

మొన్న సంక్రాంతి సెలవుల్లో హాస్టల్‌కి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. మేం విశాఖలో ఎమ్మెస్సీ చదువుతున్నామనీ, మా విభాగంలో సముద్రపు చేపలున్న గాజు తొట్టి ఉందనీ, తుపానుకు కరెంటు పోయి అవి చచ్చిపోబోయాయనీ చెబుతుంటే, "సముద్రంలో కరెంటు ఎక్కడుందన్నా? అక్కడ బతికే చేపకు ఇక్కడ కరెంటెందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వి ఊరుకున్నాం. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో ఆలోచిస్తే, ప్రాక్టికల్స్‌కి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు కూడా మమ్మల్ని అంత మంచి ప్రశ్న అడగలేదనిపించింది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు కనుక ఆ తమ్ముడికి బాకీపడ్డ జవాబే రాస్తున్నాం. మేమంటే నలుగురం. అందులో ఇద్దరం ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్ళమే. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు.

ముందు ఆ చేపకు కరెంటుతో ఏం పనో చూద్దాం. చేప నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ను మొప్పలతో తీసుకుంటుందని మనం ఏడో తరగతిలోనే చదివాం. ఆ ఆక్సిజన్ నీళ్ళలోకి ఎక్కువగా వచ్చేది పైనున్న గాలి నుంచే. గాలీ నీరూ తాకేచోట మాత్రమే అది కరుగుతుంది. సముద్రానికి అలలున్నాయి, గాలి ఉంది, అంతులేని పైభాగం ఉంది. గాజు తొట్టికి అవేవీ లేవు. అందుకని ఒక మోటారు నీళ్ళను తిప్పుతుంది, ఇంకోటి బుడగలు వదులుతుంది. అంటే అల చేసే పని అక్కడ మోటారు చేస్తుందన్నమాట. కరెంటు పోయిందంటే తొట్టిలో అలలు ఆగిపోయినట్టు.

దీనికి తోడు ఉప్పునీటికి ఒక లోపం ఉంది. మంచినీళ్ళలో కరిగినంత ఆక్సిజన్ ఉప్పునీళ్ళలో కరగదు. 25 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాములు కరిగితే, సముద్రపు నీటిలో 7 కూడా కరగదు. వేడి 30 డిగ్రీలకు పోతే 6 దగ్గరకు దిగుతుంది. మా తొట్టి నాలుగడుగుల పొడవు, రాళ్ళూ ఇసుకా పోను 200 లీటర్ల నీళ్ళు. లెక్కకడితే ఆ తొట్టి మొత్తంలో ఉండే ఆక్సిజన్ సుమారు 1.3 గ్రాములు. మన చుట్టూ ఉన్న గాలిలో అయితే అయిదు లీటర్లలోనే అంత ఆక్సిజన్ ఉంటుంది. అంటే ఒక చిన్న బిందెడు గాలి! దాని మీద పన్నెండు చేపలూ, ఒక సీ ఎనిమోనూ, నాలుగు ఎండ్రకాయలూ బతకాలి. అవి మాత్రమే కాదు. రాళ్ళకూ ఇసుకకూ పట్టి ఉన్న కోట్ల బ్యాక్టీరియా కూడా ఆ బిందెలోంచే పీల్చుకుంటుంది. ఈ లెక్క తుపాను రాకముందు మేం ఎప్పుడూ వేసుకోలేదు.

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. విశాఖకు ఆ రోజంతా వానా గాలే. రాత్రి తొమ్మిదింటికి మా భవనం వెనక చెట్టుకొమ్మ తీగల మీద పడి కరెంటు పోయింది. గంటలో వస్తుందనుకున్నాం. వచ్చింది 31 గంటలకు. ఆ తొట్టిలోని క్లౌన్ చేపల మీద మా ప్రాజెక్టు నడుస్తోంది, మా సీనియర్లు మూడేళ్ళుగా పెంచిన జంట అది. అవి పోతే ఆ సెమిస్టరు మేం చూపించడానికి ఏమీ ఉండదు. మళ్ళీ కొనాలంటే మా దగ్గర డబ్బూ లేదు.

పదకొండున్నరకు టార్చి వేసి చూస్తే చేపలన్నీ పైకొచ్చి మూతులు నీటి అంచుకు ఆనించి గబగబా నోళ్ళు తెరుస్తున్నాయి. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల మీద పని చేసే తల్లిదండ్రులున్న తమ్ముళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి రొయ్య గట్టుకు చేరుతుంది చూడండి, అదే ఇది. చెరువుకైతే డీజిల్ జనరేటరు వేసి ఏరేటర్లు తిప్పుతారు. మా దగ్గర బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి బీరువాలో ఉందని రిజిస్టరులో రాసి ఉంది. తీసి చూస్తే లోపల సెల్లులు కారి తుప్పు పట్టి ఉన్నాయి.

ఇక మిగిలింది మగ్గు. టీ కొట్టు దగ్గర గ్లాసులోంచి గ్లాసులోకి పైనుంచి ఎత్తిపోస్తారు కదా, అలాగే తొట్టిలోని నీళ్ళు మగ్గుతో ముంచి అడుగు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోనే పోయాలి. పడే ధార గాలిని లోపలికి తీసుకుపోతుంది, పైనీరూ అడుగునీరూ కలుస్తాయి. అడుగునున్న ఇసుక మాత్రం కదలకూడదు. కదిలితే అందులోని కుళ్ళు పైకి వస్తుంది. మేం మెస్ డ్యూటీలా వంతులు వేసుకున్నాం. పావుగంటకోసారి అయిదు నిమిషాలు పోయడం, ఒక్కొక్కరికి రెండు గంటలు. మూత తీసేశాం, గాలి తగలాలి కనుక. కానీ ఊపిరాడని చేప ఎగిరి కింద పడుతుంది, అందుకని దోమతెర ముక్క కప్పాం. అరగంట పోసేసరికి చేపలు మెల్లగా కిందికి దిగాయి. మగ్గుకు ఇంత విలువుందని మాకు అప్పుడే తెలిసింది. నీళ్ళ మోటారు ఆడని రోజు హాస్టల్ తొట్టి దగ్గర కూడా దాని విలువ తెలిసేది, అది వేరే కథ.

తర్వాత లైబ్రరీలో వెతికితే ఈ పద్ధతి మాది కాదని తెలిసింది. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ ఇంగ్లండులోని టోర్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండను తెచ్చుకుని ఇంట్లో సముద్రపు నీటిలో పెంచింది. అప్పటికి ఇళ్ళకు కరెంటే లేదు. తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ ఉండటమే ఉపాయం. ఆ పని చేసింది ఆవిడ ఇంటి పనిమనిషి. యజమానురాలి పేరు పుస్తకాల్లో ఉంది. నీళ్ళు పోసిన చేతుల పేరు మాకు దొరికినచోట లేదు. మేం నలుగురం పాచిపనికీ కూలిపనికీ పోయే తల్లుల పిల్లలం కాబట్టి ఆ సంగతి కాస్త ఎక్కువసేపు మాట్లాడుకున్నాం.

ఆక్సిజన్ తర్వాత రెండో శత్రువు అమ్మోనియా. చేప విసర్జించేది అదే. మామూలు రోజుల్లో ఫిల్టరులోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. ఈ పనికి దానికి ఆక్సిజన్ కావాలి. కరెంటు పోగానే ఆ కార్ఖానా కూడా మూతపడుతుంది. పైగా సముద్రపు నీరు కాస్త క్షారగుణం కలది, పీహెచ్ 8.2 దాకా ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే ఇక్కడ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పది రెట్లకు పైనే. అందుకే కరెంటు లేనంతసేపూ మేత వేయకూడదు. మా అటెండరు గారు మర్నాడు పొద్దున జాలిపడి, "పాపం, రాత్రి నుంచి పస్తున్నాయి బాబూ" అని మేత డబ్బా తీశారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండుమూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు, తింటేనే ప్రమాదం అని ఆయనకు చెప్పి ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఒక మిత్రుడు రొయ్యల చెరువులో వాడే జియోలైట్ వేద్దామన్నాడు. అది మంచినీటిలో అమ్మోనియాను బాగా పట్టుకుంటుంది కానీ, ఉప్పునీటిలో సోడియం అడ్డుపడి దాని బలం చాలావరకు పోతుంది. ఉప్పునీటి తొట్టికి మందు మళ్ళీ ఉప్పునీరే. డబ్బాల్లో నిలవ ఉంచిన సముద్రపు నీరు 40 లీటర్లుంటే, అంత పాతనీరు తీసి కొత్తది పోశాం.

29 మధ్యాహ్నం వాన తెరిపిచ్చి ఉక్క మొదలైంది. ఫ్యాన్లు లేని గదిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటింది. చలిదేశాల పుస్తకాల్లో కరెంటు పోతే తొట్టికి దుప్పటి కప్పమని రాసి ఉంటుంది. మనకు దాని అవసరం లేదు, మన బాధ వేడితోనే. చేపల మార్కెట్టుకు పోయి ఐసుగడ్డ తెచ్చి, ముక్కలు చేసి, శుభ్రంగా కడిగిన నీళ్ళ సీసాల్లో నింపి బిగించి తొట్టిలో తేలేశాం. ఐసును నేరుగా వేయకూడదు. కరిగితే అది మంచినీరు, ఉప్పు పలచబడుతుంది. ఒకేసారి ఎక్కువ సీసాలు వేసినా చేప తట్టుకోలేదు. గంటకు ఒక డిగ్రీ కంటే తగ్గకుండా ఒక్కో సీసా వేస్తూ తీస్తూ ఉన్నాం. తొట్టి బయట గాజుకు తడిగుడ్డలు కట్టాం.

30 తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు వచ్చింది. అప్పటికి పన్నెండు చేపలూ బతికే ఉన్నాయి. మేం ఈలలు వేశాం. ఆ సంతోషంలోనే పెద్ద తప్పు చేశాం.

మా ఫిల్టరు మూతబిగించిన డబ్బా లాంటిది. 31 గంటలు అందులో నీరు కదలకుండా ఉంది. లోపలి ఆక్సిజన్ మొదటి కొన్ని గంటల్లోనే అయిపోయి, మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, కుళ్ళు మొదలైంది. రాత్రంతా చేపల మీదే మా చూపు, ఆ డబ్బా ఎవరికీ గుర్తు రాలేదు. స్విచ్ వేయగానే ఆ నీరంతా తొట్టిలోకి వచ్చింది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన. వెంటనే ఆపాం కానీ, ఎనిమిదింటికల్లా మూడు నీలం డామ్సెల్ చేపలు వెల్లకిలా తేలాయి. చీకట్లో 31 గంటలు బతికించి, వెలుగు వచ్చాక చంపుకున్నాం. క్లౌన్ జంట ఎనిమోన్ పక్కన నక్కి బతికింది. కరెంటు పోయిన గంటలోనే ఆ డబ్బా విప్పి, లోపలి స్పాంజిని తీసి తొట్టి నీళ్ళలోనే ఉంచి, పోసేటప్పుడు దాని మీదుగా పోసి ఉంటే బ్యాక్టీరియా చాలామటుకు నిలిచేది. అది కుదరకపోతే కనీసం కరెంటు వచ్చాక ఆ నీరు పారబోసి, స్పాంజిని ఉప్పునీటిలో కడిగి, అప్పుడు స్విచ్ వేయాలి. ఎవరైనా ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి.

పెద్ద పెద్ద సంస్థలకూ ఈ దెబ్బ తప్పలేదు. 2005 ఆగస్టులో కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌ను ముంచినప్పుడు అక్కడి ఆడుబాన్ అక్వేరియం భవనం తుపానుకు తట్టుకుంది. కానీ తర్వాత జనరేటరు ఆగిపోయి వేలాది చేపల్లో అత్యధికం చనిపోయాయి. పెంగ్విన్లూ సముద్రపు ఓటర్లూ బతికి బయటపడ్డాయి. అవి పీల్చేది పైగాలిని కదా! వాటిని కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియానికి తరలించారు. 2006లో న్యూ ఆర్లియన్స్ అక్వేరియం మళ్ళీ తెరుచుకుంది.

ఇప్పుడు మా బీరువాలో ఉన్నవి చెబుతాం. పవర్ బ్యాంకుతో నడిచే చిన్న గాలిపంపులు రెండు. ఒక పాత 12 వోల్టుల ఇన్వర్టరు బ్యాటరీ, 100 ఆంపియర్ అవర్లది. 12ను 100తో గుణిస్తే 1200 వాట్ అవర్లు. బ్యాటరీ పాడవకుండా అందులో సగమే వాడాలి కనుక 600. అయిదు వాట్ల గాలిపంపు పెడితే లెక్క ప్రకారం 120 గంటలు, వృథా పోను మూడు రోజులకు తక్కువ రాదు. అదే బ్యాటరీకి 25 వాట్ల పెద్ద మోటారు తగిలిస్తే ఒక్క రోజే. అందుకే తొట్టి లైట్లూ, పెద్ద మోటారూ దానికి కలపలేదు, గాలిపంపు ఒక్కటే కలిపాం. సెల్లులు పంపులోంచి తీసి పక్కన విడిగా పెడుతున్నాం. ప్రతి నెలా ఒకటో తారీఖున అరగంట మెయిన్ ఆపి అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూస్తున్నాం. మొదటిసారి ఆపినప్పుడు పంపు బాగానే ఆడింది కానీ, గొట్టం పొడవు చాలక తొట్టిదాకా రాలేదు. మర్నాడే బజారుకు పోయి రెండు మీటర్ల గొట్టం కొన్నాం.

తమ్ముళ్ళలో ఎవరైనా విశాఖ వస్తే శనివారం మధ్యాహ్నం మా విభాగానికి రండి. క్లౌన్ జంట గుడ్లు పెట్టింది, అద్దానికి మొహం ఆనించి చూస్తే రాయి మీద నారింజరంగు మచ్చలా కనబడతాయి. ఆ ప్రశ్న అడిగిన తమ్ముడొస్తే వాడి చేతికి మగ్గు కూడా ఇస్తాం.