క్రియ కోరిందే ఇవ్వాలి

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు వీరాంపట్టినం. అక్కడి జాలరి గురించి ఇంగ్లీషులో ‘హీ స్టాప్డ్ పుల్లింగ్ ద నెట్’ అంటే, అతను వల లాగడం ఆపేశాడని అర్థం. ‘హీ స్టాప్డ్ టు పుల్ ద నెట్’ అంటే, చేస్తున్న పని ఆపి వల లాగడానికి పూనుకున్నాడని అర్థం. మాటలు దాదాపు అవే. రెండో క్రియ రూపం మారేసరికి జరిగిన పనే తలకిందులైంది.

‘స్టాప్’ పక్కన రెండు రూపాలూ రావచ్చు. చాలా క్రియలు అలా ఒప్పుకోవు. ‘ఎంజాయ్’, ‘అవాయిడ్’, ‘ఫినిష్’ తర్వాత వచ్చే క్రియకు చివర ‘ఇంగ్’ ఉండాలి. ‘హోప్’, ‘డిసైడ్’ అయితే ముందు ‘టు’ కోరతాయి. ‘ఐ ఎంజాయ్ టు స్విమ్’ అన్నా ఎదుటివారికి అర్థమవుతుంది. కానీ వాక్యం తప్పు.

ఫ్రెంచి భాషావేత్త ల్యూసియెన్ తెనియేర్ క్రియను కొక్కేలున్న పరమాణువుతో పోల్చారు. ఆయన మరణానంతరం 1959లో వెలువడిన గ్రంథంలో, రసాయనశాస్త్రంలోని ‘వేలెన్సీ’ అనే మాటనే దీనికీ వాడారు. నిద్రపోవడానికి ఒక్కరు చాలు. చూడడానికి చూసేవారు, చూడబడేది కావాలి. ఇవ్వడానికి ముగ్గురు కావాలి: ఇచ్చేవారు, వస్తువు, పుచ్చుకునేవారు. ఆ కొక్కేనికి ఏ రూపంలోని మాట తగులుకోవాలో కూడా క్రియే నిర్ణయిస్తుంది. ఒక మాట వినగానే దానికి తోడు ఇంకేదో రావాలనిపించడాన్ని మన పూర్వశాస్త్రకారులు ‘ఆకాంక్ష’ అన్నారు.

అర్థాన్ని బట్టి రూపాన్ని ఊహించలేమా? కొంతవరకు ఊహించవచ్చు. ఇంకా జరగని పనికి తరచుగా ‘టు’ వస్తుంది. కానీ ‘సజెస్ట్’ కూడా జరగబోయే పనినే చెబుతుంది, అయినా ‘ఇంగ్’ కోరుతుంది. కాబట్టి అర్థం దారి చూపుతుందే తప్ప, ప్రతిసారీ తీర్పు చెప్పదు.

తెలుగు క్రియలకూ ఈ పట్టింపు ఉంది. ‘వల లాగడం మొదలుపెట్టాడు’, ‘వల లాగసాగాడు’ అంటాం. రెండింటి అర్థం ఒకటే, అయినా ‘లాగడం సాగాడు’ అనం. ‘అతన్ని అడిగాను’ అంటాం, ‘అతన్ని చెప్పాను’ అనం. ఇవి మనకెవరూ నేర్పలేదు. వింటూ పట్టుకున్నాం.

చిక్కంతా రెండో భాషలోనే. తెలుగులో ‘అని’ ఎన్నో క్రియలకు సరిపోతుంది: వస్తాడని చెప్పాను, రావాలని కోరాను, రాడేమోనని భయపడ్డాను. వీరాంపట్టినంలో వినిపించే తమిళంలో ‘ఎన్రు’ చేసే పనీ ఇలాంటిదే. రెండూ ‘అను’ అనే అర్థమున్న క్రియల నుంచే పుట్టాయి. ఆ అలవాటుతో పిల్లలు ‘ఐ వాంట్ దట్ హీ కమ్స్’ అని రాసే అవకాశం ఉంది. ఇంగ్లీషులో ‘ఐ వాంట్ హిమ్ టు కమ్’ అనాలి. అదే నమూనాలో ‘ఐ హోప్ హిమ్ టు కమ్’ అంటే మళ్లీ తప్పు. అక్కడ ‘ఐ హోప్ దట్ హీ కమ్స్’ అనాలి. ‘దాని గురించి చర్చించాం’ అనే అలవాటే ‘డిస్కస్ అబౌట్’ అనిపిస్తుంది.

ఇలాంటి తప్పును తెలివితక్కువతనంగా చూస్తే పిల్లలు నోరు విప్పడమే మానేస్తారు. నిజానికి అది ఒక భాష నియమాన్ని నమ్మకంగా మరో భాషలో పాటించడం. నోటుపుస్తకంలో ‘ఎంజాయ్ అంటే ఆనందించడం’ అని రాసుకుంటే సగం పనే అయినట్టు. ‘ఎంజాయ్ స్విమ్మింగ్’ అని జంటగా రాసుకుంటే, క్రియతోపాటు దాని కోరికా గుర్తుంటుంది.