దగ్గు సీసాలో ఎన్ని మందులు?

కఫం కరిగించే దగ్గుమందు తీపి పానకంలా ఉంటుంది కాబట్టి దేనితో తాగినా ఫర్వాలేదనుకుంటాం. నిజానికి కఫం పలచన చేసే ఆంబ్రాక్సాల్, గ్వాయ్‌ఫెనెసిన్ తిండితో పెద్దగా గొడవపడవు. పేచీ అదే సీసాలో ఉండే సహచరులతో. టెర్బ్యుటలిన్ ఊపిరి గొట్టాలను వదులుచేస్తుంది. చేతులు వణికించి, గుండె దడ పెంచి, రక్తంలో పొటాషియం తగ్గించగలదు. పైన రెండు గ్లాసుల కాఫీ పడితే దడ ఎక్కువవుతుంది. గొంతుకు మంచిదని అతిమధురం రోజూ నమిలితే పొటాషియం ఇంకా తగ్గి, రక్తపోటు పెరగవచ్చు. ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు వాడే గుండెజబ్బువాళ్లకు ఇది ప్రమాదమే. క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న సీసాకు మద్యం తోడైతే మత్తు రెట్టింపు.

తాతలనాటి మూలికలకు ఇవన్నీ అంటగట్టడమేమిటని అడగవచ్చు. కానీ అడ్డసరం ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. అది ఒంట్లో మారితే వచ్చేదే ఆంబ్రాక్సాల్. అంటే కషాయమూ సిరప్పూ దాయాదులే. ఆకును మందుగా నమ్మేవాళ్లు, దానికి మందు గుణాలన్నీ ఉంటాయనీ ఒప్పుకోవాలి కదా! చిటికెడు అతిమధురం ఒకపూట ఏమీ చేయదు, నిజమే; వారాల తరబడి వాడకమే చిక్కు.

కర్ణాటకలోని కోలారు జిల్లాలో దగ్గు మాటకు బరువెక్కువ. 2001లో మూతబడిన బంగారు గనుల రాతిధూళి ఊపిరితిత్తుల్లో మిగిల్చే సిలికోసిస్‌ను ఏ సిరప్పూ నయం చేయదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కావలసింది మరో సీసా కాదు, కళ్లె పరీక్ష, ఎక్స్‌రే. కోలారు పక్కనున్న తమకలోనే వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాతోపాటు కషాయం పొడి పొట్లం కూడా చేతిలో ఉండాలి.