ల్యాప్‌టాప్ వెదర్ యాప్‌లో యూనిట్లు మార్చడం ఎలా? రామగుండం ఎండ, వాన లెక్కలతో సులువుగా

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే టాస్క్‌బార్ మూలన 111° అని కనిపిస్తోందా? రామగుండం ఎండలు ఎంత మండినా అంత ఉండవు లెండి, అది ఫారెన్‌హీట్ లెక్క. సెల్సియస్‌లో అయితే దాదాపు 44. దీన్ని మార్చడం ఒక్క నిమిషం పని. కానీ చాలామంది టెంపరేచర్ ఒక్కటి మార్చేసి వదిలేస్తారు. వాన, గాలి ఏ యూనిట్లలో ఉన్నాయో చూడరు. అసలు తేడా కొట్టేది అక్కడే.

నేనుండేది గోదావరిఖనిలో. ఇక్కడ చాలా ఇళ్లల్లో ఎవరో ఒకరు సింగరేణిలో షిఫ్టు డ్యూటీకి వెళ్తుంటారు. ఓపెన్‌కాస్ట్ గనిలో పనంటే నెత్తిన ఎండ, లేదంటే వాన. "రేపు ఎట్లుంటదిరా?" అని ఇంట్లో అడిగితే, మనం యాప్ చూసి చెప్పే అంకెను వాతావరణ శాఖ హెచ్చరికతో పోల్చుకోగలగాలి. అందుకే యాప్‌ని ఆ శాఖ వాడే యూనిట్లలోకి మార్చుకోవాలి: ఎండకు సెల్సియస్, వానకు మిల్లీమీటర్లు, గాలికి గంటకు కిలోమీటర్లు.

అసలు ఫారెన్‌హీట్ ఎందుకు వస్తుంది?

విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రీజియన్ దగ్గర యునైటెడ్ స్టేట్స్ అని వదిలేస్తే, చాలా యాప్‌లు అమెరికా యూనిట్లనే తీసుకుంటాయి. ముందు దీన్ని సరిచేయండి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరిచి కంట్రీ దగ్గర ఇండియా, రీజనల్ ఫార్మాట్ దగ్గర ఇంగ్లిష్ (ఇండియా) పెట్టండి.

విండోస్ 11లో ఇలా మార్చండి

1. కీబోర్డులో విండోస్ కీతో పాటు డబ్ల్యూ నొక్కితే విడ్జెట్స్ తెరుచుకుంటాయి.
2. వెదర్ కార్డు మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి, కస్టమైజ్ విడ్జెట్ ఎంచుకోండి.
3. అక్కడ సెల్సియస్ పెట్టి సేవ్ చేయండి.
4. ఎంఎస్ఎన్ వెదర్ యాప్ విడిగా వాడుతుంటే, అందులో గేర్ గుర్తు నొక్కి సెల్సియస్ పెట్టండి. వెర్షన్‌ని బట్టి ఆ గుర్తు ఉండే చోటు కాస్త మారొచ్చు.

పని అయిపోలేదు. గాలి, వాన, విజిబిలిటీ అంకెల పక్కన ఏ యూనిట్ ఉందో కూడా ఒకసారి చూడండి.

మ్యాక్, లైనక్స్ వాళ్లకు

కొత్త మ్యాక్‌ఓఎస్‌లలో వెదర్ యాప్ తెరిచి, పైన మెనూలో వెదర్ నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. టెంపరేచర్, గాలి, వాన, ప్రెషర్, దూరం, ఇలా దేనికది విడిగా పెట్టుకోవచ్చు. ఈ విషయంలో నాకు నచ్చింది ఇదే. ఉబుంటు లాంటి వాటిలో గ్నోమ్ వెదర్ వాడేవాళ్లు పైనున్న మూడు గీతల మెనూలోనే సెల్సియస్ ఎంచుకోవచ్చు.

వాన: ఒకటే వాన, మూడు అంకెలు

యాప్‌లో రేపటి వాన 2.6 అని ఉందనుకోండి. చూస్తే చినుకుల్లా అనిపిస్తుంది. పక్కన అంగుళాలు అని ఉంటే మాత్రం సీన్ వేరే. ఒక అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. అంటే అది 66 మిల్లీమీటర్ల వాన. అదే వానను టీవీలో 6.6 సెంటీమీటర్లు అంటారు.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. అంటే యాప్‌లో చిన్నగా కనిపించిన ఆ 2.6 అప్పటికే భారీ వర్షం కిందికి వచ్చేసింది.

గని దగ్గర దీని బరువు ఎంతో చూద్దాం. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. ఒక చదరపు కిలోమీటరు గుంతలో 66 మిల్లీమీటర్లు పడితే 6.6 కోట్ల లీటర్లు! అదంతా మోటార్లతో తోడాలి, డంపర్లు తిరిగే మట్టి రోడ్డు ఆరాలి. అందుకే పెద్ద వాన పడితే ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు తీయడం ఆగిపోతుంది.

ఇంకో సంగతి. వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్కను ఉదయం 8:30కి ముగిస్తుంది. యాప్‌లో రోజు మామూలుగా అర్ధరాత్రికి మారుతుంది. రెండు అంకెలు కలవకపోతే యూనిట్‌తో పాటు ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఎండ: గుర్తుంచుకోవాల్సిన గీతలు

జ్వరం 102 అంటే మనకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఇంట్లో థర్మామీటర్ ఫారెన్‌హీట్‌లోనే చూస్తాం. ఎండ 113 అంటే మాత్రం అర్థం కాదు. అది సరిగ్గా 45 డిగ్రీల సెల్సియస్. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 45కి చేరితే వడగాలిగా, 47కి చేరితే తీవ్ర వడగాలిగా వాతావరణ శాఖ లెక్కిస్తుంది. ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువున్నా వడగాలే.

మార్చే లెక్క సులువు: ఫారెన్‌హీట్ అంకెలోంచి 32 తీసేసి, 5తో గుణించి, 9తో భాగించండి.

అయితే ఈ 45 అనేది నీడలో, గాలి ఆడే తెల్ల పెట్టెలో ఉంచిన థర్మామీటర్ లెక్క. ఎండలో కాలిన బండలు, నల్ల బొగ్గు మధ్య నిలబడ్డ మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువే. యాప్‌లోని ఫీల్స్ లైక్ అంకె తేమను కూడా కలిపి వేసే వేరే అంచనా. హెచ్చరికతో పోల్చేటప్పుడు దాన్ని కాదు, అసలు ఉష్ణోగ్రతను చూడండి.

గాలి

గాలిదుమారం హెచ్చరికలు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్లు అన్నట్టుగా వస్తాయి. యాప్‌లో మైళ్లు ఉంటే 1.6తో, సెకనుకు మీటర్లు ఉంటే 3.6తో గుణించండి. సెకనుకు 12 మీటర్లు అంటే మెల్లగా అనిపిస్తుంది గానీ, అది గంటకు 43 కిలోమీటర్లు.

చివరగా ఊరు చెక్ చేయండి

చాలా ల్యాప్‌టాప్‌లలో జీపీఎస్ ఉండదు. నెట్ కనెక్షన్‌ని బట్టి ఊరిని అంచనా వేస్తాయి కాబట్టి హైదరాబాద్ వాతావరణం చూపించినా ఆశ్చర్యం లేదు. లొకేషన్ దగ్గర గోదావరిఖని అని టైప్ చేయండి, దొరక్కపోతే రామగుండం పెట్టండి. యూనిట్లు, ఊరు రెండూ సరిగ్గా ఉంటేనే, రేపటి షిఫ్టుకు గొడుగు కావాలా, ఇంకో నీళ్ల బాటిల్ కావాలా అన్నది ఆ అంకె చూసి చెప్పగలం.