గాలి తేడాతో పరుగెత్తే గ్లైడర్

మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లలో చాలామంది గాలి పెరిగితే ఆ పూటకు సామాను సర్దేసుకుంటారు. ఒక రకం గ్లైడర్ మాత్రం గాలి చెలరేగినప్పుడే బయటికి వస్తుంది. దానికి ఇంజనూ లేదు, మోటారూ లేదు. ఉన్న చిన్న బ్యాటరీ రిసీవరుకీ, రెక్కల అంచుల్ని కదిపే సర్వోలకే సరిపోతుంది. అయినా 2021 జనవరిలో కాలిఫోర్నియాలోని పార్కర్ మౌంటెన్ మీద స్పెన్సర్ లిసెన్బీ ఎగరేసిన గ్లైడర్ గంటకు 882 కిలోమీటర్ల వేగం అందుకుంది. ప్రయాణికుల జెట్ విమానాలు వెళ్లేది దాదాపు ఆ వేగంతోనే.

దీని వెనక ఉన్న సూత్రం పాతదే. రెక్క ఆడించకుండా పక్షి ఎలా ఎగరగలుగుతోందని 1883లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఆలోచించాడు. గాలి ఎంత బలంగా వీచినా, అడ్డంగా, అంతటా ఒకే తీరున వీస్తే పక్షికి ఒరిగేదేమీ లేదు. పైన ఒక వేగం, కింద ఒక వేగం ఉంటేనే ఆ తేడాలోంచి శక్తి పిండుకోవచ్చు. సముద్రం మీద ఆల్బట్రాస్ చేసేది అదే.

1990ల నడుమ మోడల్ గ్లైడర్ పైలట్ జో వర్ట్స్ దాన్ని రేడియో గ్లైడర్‌తో చేసి చూపాడు. అందరూ గాలి కొట్టే వైపు వాలులో, పైకి తన్నే గాలి మీద ఎగరేసేవారు. కొండ వెనక వైపు సుడులు తిరుగుతాయని భయం. ఆయన ఆ వెనక్కే పంపాడు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఆ చోటుని ఎంచుకోవడమే.

శిఖరం మీద గాలి గంటకు 90 కిలోమీటర్లు, దాని మరుగున గాలి దాదాపు నిశ్చలం అనుకుందాం. కింద 150 వేగంతో ఉన్న గ్లైడర్ గాలికి ఎదురుగా పైకి లేచి ఆ ప్రవాహంలో దూరుతుంది. నేల మీది లెక్కలో వేగం మారలేదు కానీ, రెక్క మీద గాలి ఒరుసుకుపోయే వేగం 240 అయింది. అక్కడ వెనక్కి తిరిగితే గాలి కూడా తోడై నేల లెక్కలో 330. అదే వేగంతో మళ్లీ మరుగులోకి దూకుతుంది. ఎత్తుకీ, గాలి ఒరిపిడికీ పోయేది పక్కన పెడితే, ఒక్క చుట్టుకి 180 లాభం! చుట్టు మీద చుట్టు వేస్తూ పోతే వేగం పెరుగుతుంది; ఒరిపిడి నష్టం ఆ లాభంతో సమానమయ్యేదాకా. గాలి వేగానికి దాదాపు పది రెట్ల దాకా వెళ్లవచ్చని సముద్ర శాస్త్రవేత్త ఫిలిప్ రిచర్డ్‌సన్ లెక్కగట్టారు.

రెక్క పడే కష్టం సామాన్యం కాదు. 800 కిలోమీటర్ల వేగంతో రెండు సెకన్లకో చుట్టు తిరిగితే, గ్లైడర్ మీద దాని బరువుకి 70 రెట్ల భారం పడుతుంది. బాల్సా, ఫోమ్ తట్టుకునే భారం కాదది. అందుకే నిండా కార్బన్ ఫైబర్; లోపల లోహపు బరువులు కూడా పెడతారు, బరువున్న గ్లైడర్ వేగాన్ని బాగా నిలుపుకుంటుంది గనక. శిఖరం మీద ఈదురుగాలిలో కాళ్లు నిలదొక్కుకున్న పైలట్ రెండు బొటనవేళ్లూ రిమోట్ కర్రల మీంచి తీయడు. పక్కనున్న మనిషి రాడార్ గన్‌తో వేగం కొలుస్తాడు.

లిసెన్బీ 2018లోనే 877 అందుకున్నాడు. అక్కడినుంచి 882కి చేరడానికి రెండేళ్లు పట్టింది. ఆ వేగాల దగ్గర రెక్క పైతలం మీద జారే గాలి ధ్వని వేగాన్ని తాకుతుంది, ఆఘాత తరంగాలు పుడతాయి, ఒరిపిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఇక ముందుకు పోవాలంటే గాలి ఒక్కటే పెరిగితే చాలదు, రెక్క ఆకారం మారాలి.