మడ్డిలో దొరికిన తెల్ల పలుకులకు నోబెల్ బహుమతి

పరమాణువులు కలిసి అణువు ఎలా అవుతుందో ఇంటర్‌లోనే చెబుతారు. మరి ఒక అణువు ఇంకో అణువును ఎలా పట్టుకుంటుంది? ఎప్పుడు వదులుతుంది? విశ్వవిద్యాలయాల్లో సుప్రామాలిక్యులర్ కెమిస్ట్రీ తొలి పాఠాలు ఈ సంగతే చెబుతాయి. పేరు నోరు తిరగనిదైనా విషయం తాళం, తాళంచెవి వంటిదే. ఎంజైముల గురించి జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ ఈ పోలికను 1894లోనే చెప్పారు.

పారబోయలేదు

ఈ కోర్సులో తప్పక వినిపించే పేరు చార్లెస్ పెడర్సన్. 1904లో కొరియాలోని బూసాన్‌లో పుట్టిన ఆయన అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఉద్యోగి. డాక్టరేట్ లేదు. 1960 దశకం మొదట్లో ఏదో తయారుచేయబోతే జిగురు మడ్డి మిగిలింది. అందులో పట్టుదారాల వంటి తెల్ల పలుకులు కొద్దిగా కనిపించాయి. దిగుబడి నూటికి 0.4 వంతే. మరొకరైతే పారబోసేవారేమో! ఆయన పరీక్షించి చూశారు. అది ఉంగరంలాంటి అణువని, మధ్య ఖాళీలో పొటాషియం అయాన్ సరిగ్గా ఇముడుతుందని తేలింది. కిరీటంలా ఉండడంతో క్రౌన్ ఈథర్ అన్నారు. 1967లో లోకానికి వెల్లడించారు.

బావుల్లో చల్లే పొటాషియం పర్మాంగనేట్ నీటిలో కరుగుతుంది గాని బెంజీన్‌లో కరగదు. తగిన క్రౌన్ ఈథర్ కలిపితే మాత్రం బెంజీన్ కూడా ఊదారంగుకు తిరుగుతుంది.

ఫ్రాన్స్‌కు చెందిన లేన్, అమెరికాకు చెందిన క్రామ్‌లతో కలిసి పెడర్సన్ 1987లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అప్పటికి ఆయనకు 83 ఏళ్లు.

ఊపిరి నిలిపే ఉంగరం

ఈ చదువు వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి ఆపరేషన్ థియేటరే సమాధానం. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి రోక్యురోనియం అనే మందు ఇస్తారు. దాని ప్రభావం తొలగితే గాని రోగి తనంత తాను ఊపిరి పీల్చుకోలేడు. పిండిపదార్థం నుంచి వచ్చే ఉంగరపు అణువును మార్చి చేసిన సుగమాడెక్స్ ఇస్తే, అది రోక్యురోనియంను తన కడుపులో ఇముడ్చుకుంటుంది. ఆ జంట మూత్రం ద్వారా బయటికి పోతుంది. ఈ మందుకు 2008లో ఐరోపాలో, 2015లో అమెరికాలో అనుమతి లభించింది.

అయితే అన్నిచోట్లా గట్టి పట్టే పనికిరాదు. మన కణాల్లోని డి.ఎన్.ఎ. రెండు పోగులనూ కలిపి ఉంచే హైడ్రోజన్ బంధాలు ఒక్కొక్కటిగా బలహీనమైనవే. అందుకే అవసరమైనప్పుడు పోగులు విడిపోగలుగుతున్నాయి.

బి.యస్సి. తర్వాత ఏం చదవాలా అని ఆలోచిస్తున్న పల్లెటూరి విద్యార్థులు ఈ శాస్త్రం వైపూ ఒకసారి చూడడం మంచిది.